చిన్నప్పటి మంత్రగత్తెల సినిమా "హోకస్ పోకస్" మళ్లీ చూశాం... మా పాప ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు

ఎడిసన్_గుంటూరమ్మాయి | అక్టోబర్ 12, 2024, శనివారం రాత్రి

దసరా భోజనాలయ్యాక ఇవాళ ఎవరికీ లేచే ఓపిక లేదు. మా పాప (ఏడేళ్లు) హాలోవీన్ సినిమా ఏదైనా పెట్టమని గొడవ. పండగ పూట దెయ్యాల సినిమా ఏంటని అత్తయ్య సణిగారు గానీ సోఫాలోంచి మాత్రం కదల్లేదు. నాకు టక్కున హోకస్ పోకస్ గుర్తొచ్చింది.

1996 ఆగస్టులో గుంటూరు నుంచి న్యూజెర్సీలో దిగినప్పుడు నాకు పదేళ్లు. హాలోవీన్ అంటే ఏంటో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. ఫ్యాన్సీ డ్రెస్ అనుకుని అమ్మ నాకు పట్టు పరికిణీ కట్టి, జడగంటలు పెట్టి బడికి పంపింది. అక్కడ నన్ను యువరాణి వేషం అనుకుని బహుమతి ఇచ్చారు. నేను ఏ వేషమూ వెయ్యలేదని చెప్పేంత ఇంగ్లిష్ నాకింకా రాలేదు. ఆ వారమే ఊరి లైబ్రరీలో ఈ క్యాసెట్ దొరికింది. నాన్న వెళ్లి తిరిగిచ్చేయడం, నేను వెళ్లి మళ్లీ తెచ్చుకోవడం. చివరికి అక్కడి ఆవిడ నన్ను చూడగానే అడక్కుండానే తీసి బల్ల మీద పెట్టేది.

ఎందుకంత నచ్చిందో ఇవాళ అర్థమైంది. సినిమాలో హీరో మాక్స్ కూడా కొత్తగా వచ్చినవాడే. లాస్ ఏంజెలెస్ నుంచి మసాచుసెట్స్‌లో సేలం అనే చిన్న ఊరికి. ఎవరూ స్నేహం చెయ్యరు, ఇద్దరు పోకిరీలు వాడి కొత్త బూట్లు లాగేసుకుంటారు. పైగా చెల్లెల్ని వెంటేసుకుని ఇంటింటికీ తిరిగి చాక్లెట్లు అడిగే పని. బడాయికి పోయి ఆ నల్ల మంట కొవ్వొత్తి వెలిగిస్తాడు, 300 ఏళ్ల కిందట ఉరి తీసిన ముగ్గురు అక్కచెల్లెళ్లు లేచొస్తారు.

అప్పుడు తెలీనిది ఒకటి: ఆ కొవ్వొత్తిని "వర్జిన్" వెలిగించాలట. సినిమా మొత్తమ్మీద ఆ మాట ఎన్నిసార్లు అంటారో! పాప మూడోసారికి అడిగేసింది, "అమ్మా, వర్జిన్ అంటే?" నేను రిమోట్ వెతుక్కుంటున్నాను. అత్తయ్య తాపీగా, "కొబ్బరినూనె సీసా మీద రాస్తారే, కల్తీ లేనిది అని" అన్నారు. పాప సరేనంది. ఆవిడకి దండం పెట్టాను.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. సినిమా మొదట్లోనే ఆ ముగ్గురూ చిన్నపిల్ల ప్రాణం పీల్చేసుకుంటారు, ఊరంతా దివిటీలతో వచ్చి వాళ్లని ఉరి తీస్తుంది. అంతా అయ్యాక పాప అడిగింది: "అయితే వాళ్లని ఉరి తీయడం కరెక్టే కదా? నిజంగా సేలంలో ఇలాగే జరిగిందా?"

నిజంగా జరిగిందని చెప్పాను. కరెక్టు కాదనీ చెప్పాను. "మరి వాళ్లు పిల్లల్ని చంపారు కదా" అంది. అక్కడ ఆగిపోయాను. మీరైతే ఏం చెప్తారు?

కడప_కారం

ఏందక్కా, పండగ పూట పిల్లకి సినిమా చూపిచ్చి నువ్వే పరీక్ష పెట్టుకున్నావే. అది కామెడీ సినిమా. వ్యాక్యూమ్ క్లీనర్ మీద ఎగిరే ఆడమనిషి ఉండే సినిమాలో న్యాయం, చట్టం యాడ వెతుకుతావు? "సినిమా తల్లీ, పడుకో" అనేసుంటే సరిపోయేది.

నా గొడవ వేరే. హాలోవీన్ సినిమాని 1993 జులై 16న ఎట్లా వదిలినారు సామీ? మన సంక్రాంతి సినిమాని రోహిణి కార్తెలో వదిలినట్టు. పోటీగా అదే రోజు తిమింగలం సినిమా ఫ్రీ విల్లీ. 2 కోట్ల 80 లక్షల డాలర్లు పెట్టి తీస్తే అమెరికాలో వచ్చింది 4 కోట్లకి లోపే, దాంట్లో థియేటర్ల వాటా పోగా ఏం మిగిలుంటాది. ఫ్లాప్ అని మూలన పడేసినారు. ఆ తర్వాత ఏటా అక్టోబర్‌లో టీవీలో వేసి వేసి దాన్ని పండగ సినిమా చేసినారు. మనకి వినాయక చవితికి ఫలానా సినిమా రావాల్సిందే అన్నట్టు.

బెజవాడ_వీసీఆర్

అమ్మాయ్, నా కథ విని నవ్వకూడదు. 1995లో మా మావయ్య అమెరికా నుంచి వస్తూ పిల్లలకని ఈ క్యాసెట్ తెచ్చారు. అక్కడి క్యాసెట్లు ఎన్‌టీఎస్‌సీ, మన టీవీలు పాల్, రెండూ వేర్వేరు వీడియో పద్ధతులు. మా వీసీఆర్ దాన్ని ఎలాగో ఆడించేది, మా టీవీ మాత్రం రంగులు ఇచ్చేది కాదు. పైగా బొమ్మ నిలబడేది కాదు, మెల్లగా పైకి జరిగిపోతూ ఉండేది. మంత్రగత్తెల కాళ్లు పైన, తలలు కింద. మా తమ్ముడు టీవీ వెనక మీట పట్టుకుని కూర్చునేవాడు, పాట వచ్చినప్పుడు మాత్రం వాడిని ముందుకు రానిచ్చేవాళ్లం.

పెద్దావిడ వినిఫ్రెడ్ జుట్టు నారింజ రంగులో ఉంటుందని నాకు తెలిసింది రెండేళ్ల కిందట, ఓటీటీలో చూసినప్పుడు. "నల్ల మంట కొవ్వొత్తి" అంటే అదేం గొప్పో అప్పుడు అర్థమయ్యేది కాదు. మా టీవీలో అన్ని మంటలూ తెల్లగానే ఉండేవి.

నిజం చెప్పనా? రంగుల్లో చూస్తే భయం వెయ్యలేదు. ఆ జరిగిపోయే నలుపు తెలుపులోనే బాగుంది.

చరిత్ర_పిచ్చి

ఎడిసన్ అక్కా, పాప సరిగ్గా సినిమా గుండెకాయ మీద వేలు పెట్టింది. కడప అన్న సినిమానే అంటున్నాడు, కానీ ఊరి పేరు కల్పితం కాదు కదా. ఓపికుంటే చదవండి, కాస్త పొడుగే.

అసలు సేలం కేసులు 1692 తొలి నెలల్లో మొదలయ్యాయి. ఒక పాస్టర్ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలకి ఫిట్స్ లాంటివి వస్తే, ఎవరో చేతబడి చేశారన్నారు. ఏడాది తిరిగేలోపు 150 మందికి పైగా నిందితులయ్యారు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా 19 మందిని ఉరి తీశారు, 14 మంది ఆడవాళ్లు, ఐదుగురు మగవాళ్లు. జైల్స్ కోరీ అనే ముసలాయన కోర్టులో నేరం ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు. ఆయన్ని పడుకోబెట్టి మీద బండలు పేర్చి చంపారు. జైల్లో పోయినవాళ్లు కనీసం ఐదుగురు. సారా గుడ్ అనే ఆవిడ కూతురికి నాలుగైదేళ్లు, ఆ పసిదాన్నీ సంకెళ్లేసి జైల్లో పెట్టారు. చాలామంది అనుకునేట్టు ఎవరినీ తగలబెట్టలేదు. అక్కడ నడిచింది ఇంగ్లండ్ చట్టం, దాని శిక్ష ఉరి.

సాక్ష్యం ఏంటో తెలుసా? "ఈవిడ మా ఇంటికి రాలేదు, కానీ ఈవిడ రూపం రాత్రి నా మంచం దగ్గరికి వచ్చి గొంతు నొక్కింది." అంతే. కోర్టు అది తీసుకుంది. నువ్వు ఆ రాత్రి వేరే ఊళ్లో ఉన్నావని పదిమంది చెప్పినా లాభం లేదు, ఎందుకంటే వచ్చింది నువ్వు కాదు, నీ రూపం! ఇంకో ఘోరం, చేశానని ఒప్పుకున్నవాళ్లు బతికారు. చెయ్యలేదని నిలబడ్డవాళ్లు ఉరికంబం ఎక్కారు.

సినిమా కథ మొదలయ్యేది 1693 అక్టోబర్ 31న. 1692 అక్టోబర్‌లోనే గవర్నర్ ఈ కేసుల కోసం పెట్టిన ప్రత్యేక కోర్టును రద్దు చేశాడు, 1693 మే నాటికి మిగిలినవాళ్లని వదిలేశారు. అంటే సినిమాలో ఉరి జరిగే నాటికి అసలు కేసులే ముగిసిపోయాయి. శాండర్సన్ అక్కచెల్లెళ్లు పూర్తిగా కల్పితం.

చిన్నావిడ సారాగా వేసిన సారా జెస్సికా పార్కర్ 2010లో ఒక టీవీ కార్యక్రమంలో తన వంశవృక్షం తీయించుకుంటే, ఎస్తర్ ఎల్‌వెల్ అనే పూర్వీకురాలు బయటపడింది. 1692లో మంత్రగత్తె అని నింద పడింది ఆవిడ మీద. కోర్టు రద్దవడంతో బతికిపోయింది.

కడప_కారం

సరేలే సామీ, ఒప్పుకున్నా. ఒప్పుకుంటే బతికిస్తారని నువ్వే చెప్తివి కదా.

బోస్టన్_బుల్లోడు

😂 కడప అన్నా, నీతో కష్టం.

నేను సేలంకి ఇరవై నిమిషాల దూరంలో ఉంటాను. బంధువులు ఎవరొచ్చినా ముందు నయాగరా, తర్వాత సేలం. అక్టోబర్‌లో మాత్రం కార్లో వెళ్లకండి బాబూ, ఒకసారి పార్కింగ్ కోసం గంటన్నర తిరిగి, దిగకుండానే ఇంటికొచ్చాం. బోస్టన్ నార్త్ స్టేషన్‌లో రైలెక్కితే అరగంట.

సినిమాలో మాక్స్ ఇష్టపడే అమ్మాయి ఆలిసన్ ఇల్లు నిజమే, రోప్స్ మాన్షన్ అంటారు, ఇప్పుడు మ్యూజియం వాళ్లది. వెనక తోట భలే ఉంటుంది. పెద్దవాళ్ల పార్టీకి బయట చూపించిన భవనం ఓల్డ్ టౌన్ హాల్. శ్మశానం మాత్రం సేలంలో లేదు, పక్కూరు మార్బుల్‌హెడ్‌లో కొండ మీద ఉంది. మాక్స్ వాళ్ల ఇల్లు కూడా ఉంది కానీ అందులో మనుషులు కాపురముంటున్నారు. దయచేసి గేటు దగ్గర రీల్స్ చెయ్యకండి. ఊళ్లో పోలీసు కార్ల మీద కూడా చీపురెక్కిన మంత్రగత్తె బొమ్మే.

అక్కా, పాపని ఇవేవీ కాదు, ఒక్క చోటికి తీసుకెళ్లండి. పాత శ్మశానం పక్కనే 1692 నాటి వాళ్ల స్మారకం ఉంది. 300 ఏళ్లయిన సందర్భంగా 1992 ఆగస్టులో కట్టారు. సరిగ్గా ఆ శరదృతువులోనే ఈ సినిమా షూటింగ్ కూడా! చుట్టూ రాతి గోడ, గోడలోంచి బయటికి వచ్చిన 20 రాతి బల్లలు. ఒక్కో దాని మీద ఒక పేరు, ఎలా చంపారు, ఏ తేదీ. అంతే. జనం పూలు, నాణేలు పెట్టి పోతుంటారు.

లోపలికి అడుగు పెట్టే చోట గడప రాళ్లు ఉంటాయి, వాటి మీద వాళ్లు కోర్టులో అన్న మాటలు చెక్కారు. నేను నిర్దోషిని, దేవుడికి తెలుసు, ఇలాంటివి. చదువుతూ పోతుంటే వాక్యం మధ్యలో గోడ వచ్చేస్తుంది. మిగతా సగం గోడ కింద ఉండిపోతుంది. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు వంగి ఆ గోడ కింద ఏముందో అని చూసింది. పని సరిగ్గా చెయ్యలేదనుకుంది. నేను చెప్పాక చెప్పులు విప్పి పక్కన పెట్టింది.

రెండర్_రాత్రులు

ఇంత బరువైన చర్చలో నేను పిల్లి గురించి మాట్లాడతా, ఏమనుకోవద్దు.

సినిమాలో మాట్లాడే బింక్స్ పిల్లి! హైదరాబాద్‌లో పన్నెండేళ్లుగా వీఎఫ్ఎక్స్‌లో (సినిమా గ్రాఫిక్స్) ఉన్నాను, నా ఉద్యోగానికి ఒక రకంగా అదే కారణం. చాలా షాట్లలో అసలు పిల్లులే. మాట్లాడే చోట మాత్రం కంప్యూటర్‌తో చేసినది. 1993 అని గుర్తుంచుకోండి, జురాసిక్ పార్క్ వచ్చి ఐదు వారాలే అయింది. ఇప్పుడు చూస్తే బొచ్చు ప్లాస్టిక్ లాగా మెరుస్తుంది, నోరు కదిలినప్పుడు మూతి ఒక్కటే కదిలి బుగ్గలు అలాగే ఉంటాయి. మా టీంలో ఫ్రెషర్ ఇలా ఇస్తే వెనక్కి పంపేస్తాను. కానీ అప్పట్లో అది చేసినవాళ్లకి దండం.

చేసింది లాస్ ఏంజెలెస్‌లోని రిథమ్ అండ్ హ్యూస్. రెండేళ్ల తర్వాత బేబ్ సినిమాలో జంతువుల్ని మాట్లాడించి ఆస్కార్ కొట్టారు. తర్వాతి కాలంలో వాళ్లకి హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది, లైఫ్ ఆఫ్ పై పులి ఆ కంపెనీదే. 2013లో ఆ పులికి ఆస్కార్ వచ్చేసరికి కంపెనీ దివాలా పిటిషన్ వేసి పదకొండు రోజులైంది. నేను అందులో చెయ్యలేదు గానీ చేసిన సీనియర్ల దగ్గరే పని నేర్చుకున్నాను. సేలం పిల్లికీ మన హైటెక్ సిటీకీ ఉన్న చుట్టరికం అది.

అన్నట్టు, సమాధిలోంచి లేచిన బిల్లీ నోటి కుట్లు తెంపుకున్నప్పుడు బయటికి ఎగిరే చిమ్మటలు (మాత్‌లు) గ్రాఫిక్స్ కాదు. నిజం పురుగులే! ఆ నటుడు డగ్ జోన్స్ నోట్లో చిన్న సంచి అమర్చి, అందులో చిమ్మటల్ని పెట్టి తీశారు. ది షేప్ ఆఫ్ వాటర్‌లో నీటి మనిషి కూడా ఆయనే.

బెజవాడ_వీసీఆర్

ఛీ ఛీ. భోజనం ముందు ఇవేం కబుర్లయ్యా.

ఎడిసన్_గుంటూరమ్మాయి

రెండర్ గారూ, మీ పోస్టు పాపకి చదివి వినిపించాను. చిమ్మటల సంగతి విని మూడు సార్లు చెప్పించుకుంది.

బోస్టన్ తమ్ముడూ, ఆ గోడ సంగతి రాత్రంతా బుర్రలో తిరిగింది. మేం రెండేళ్ల కిందట సేలం వెళ్లాం కానీ ఆ స్మారకం దగ్గర ఆగనే లేదు. దాని పక్కనుంచే నడిచి వెళ్లి మంత్రగత్తె టోపీలు కొనుక్కున్నాం. ఒక్కోటి 25 డాలర్లు.

కడప తమ్ముడు కామెడీని కామెడీగా చూడమన్నాడు. చూశాను, నవ్వాను కూడా. తారు రోడ్డు చూసి నల్ల నది అనుకుని ఆ ముగ్గురూ ఆగిపోయే చోట మా అత్తయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నారు నవ్వలేక. వినిఫ్రెడ్‌గా వేసిన బెట్ మిడ్లర్ ఆ పళ్లతో, ఆ కళ్లతో పాట అందుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. నా బాధ సినిమా చెడ్డదని కాదు. సేలంలో అసలు సంగతే మంత్రగత్తెలు లేకపోవడం. ఆ ఊరి పేరు పెట్టుకుని, ఉరికంబం పెట్టి, ఉరి పడ్డవాళ్లు మాత్రం నిజంగానే పిల్లల్ని తినేవాళ్లని చూపించారు. పదేళ్లప్పుడు నేనూ పాపలాగే నమ్మాను. కాలేజీకి వెళ్లేదాకా నాకు సేలం అంటే ఈ సినిమానే.

సిద్దిపేట_సీను

అక్కా, నేను ఈ సినిమా సూడలే. మీ ముచ్చట్లు సదివి నిన్న రాత్రి ఫోన్ల సూశిన. మస్తుగ నవ్విన. గని మొదటి పది నిమిషాలు నవ్వు రాలే.

మా దిక్కు దీన్ని బాణామతి అంటరు. నా చిన్నప్పుడు మా ఊర్ల ఒక అవ్వ ఉండె. మొగడు లేడు, పిల్లల్లేరు, ఊరవతల ఒక్కతే. తంగేడు పూలు తెంపుకచ్చి బతుకమ్మకు అందరిళ్లల్ల ఇచ్చేది. ఒక ఏడు ఊర్ల ఇద్దరు పిల్లలు జరమొచ్చి సచ్చిపోయిన్రు. ఎవరు మొదలు వెట్టిన్రో తెల్వది, అవ్వ పేరు బయటికొచ్చింది. మంత్రం సదవకుండ పండ్లు పీకాలె అన్నరు. మా నాయిన, ఇంకిద్దరు అడ్డం వడి, రాత్రికి రాత్రి ట్రాక్టర్ల కూసుండవెట్టి అక్క బిడ్డ ఊరికి తోలిచ్చిన్రు. నేను మా ఇంటి దర్వాజ సందుల నుంచి సూశిన. దివిటీలు లెవ్వు, మూడు టార్చిలైట్లు. అవ్వ ట్రాక్టర్ల మోకాళ్ల మీద తల వెట్టుకోని కూసున్నది. పక్కపొంటి సత్తు గిన్నె.

మల్ల ఊర్లకు రాలే. బతుకమ్మకు పూలు మేమే తెంపుకున్నం ఆ ఏడు.

పాపకు ఇది చెప్పకు అక్కా. నీకు చెప్తున్న అంతే.

కడప_కారం

సీనన్నా. నేను పైన రాసిన మాట వెనక్కి తీసుకుంటాండా.

చరిత్ర_పిచ్చి

సీనన్నా, మీ నాన్నగారికి నమస్కారం.

అక్కా, రెండో భాగం చూశారా? 2022 సెప్టెంబర్ 30న ఓటీటీలో వచ్చింది. మాక్స్, వాడి చెల్లెలు డానీ లేరని అందరూ తిట్టారు, నేనూ తిట్టాను. కానీ మొదటి పది నిమిషాలు చూడండి. 1653, వినిఫ్రెడ్‌కి పదహారో పుట్టినరోజు. ఊరి పాస్టర్ ఎవడినో పెళ్లి చేసుకోమంటాడు, చేసుకోనంటుంది, ఊరంతా మీద పడుతుంది. ముగ్గురు పిల్లలూ అడవిలోకి పారిపోతారు. మొదటి సినిమా ఎగరగొట్టిన సంగతి వీళ్లు 29 ఏళ్ల తర్వాత గుర్తు తెచ్చుకున్నారు. మిగతా సినిమా అంత గొప్పగా ఏం లేదు, నవ్వులు బలవంతపువి.

పాపకి చెప్పడానికి నిజంగా పనికొచ్చేది ఇంకోటుంది. ఎలిజబెత్ జాన్సన్ జూనియర్ అని ఒకావిడకి 1693లో ఉరిశిక్ష వేశారు, అమలు కాలేదు. తర్వాత మిగతా అందరి పేర్లూ దశలవారీగా కొట్టేశారు, ఈవిడది మాత్రం కాగితాల్లో దోషిగానే మిగిలిపోయింది. నార్త్ ఆండోవర్ బడిలో ఎనిమిదో తరగతి పిల్లలు టీచర్‌తో కలిసి ఉత్తరాలు రాసి, శాసనసభ వెంటపడి, 2022లో ఆవిడని నిర్దోషి అని చట్టం చేయించారు.

మోడరేటర్

టోరెంట్ లింకు అడిగిన ఇద్దరి పోస్టులు తీసేశాం. మళ్లీ అడగొద్దు. చర్చ కొనసాగించండి.

ఎడిసన్_గుంటూరమ్మాయి | అక్టోబర్ 27, ఆదివారం

రెండు వారాలు ఇటు రాలేకపోయాను, పండగ పనులు. సీను తమ్ముడూ, నీ పోస్టు మా ఆయనకి చదివి వినిపించాను, ఇద్దరం చాలాసేపు ఏం మాట్లాడుకోలేదు. పాపకి చెప్పలేదు.

ఎలిజబెత్ కథ చెప్పాను. ఆవిడ ఏ పిల్లనీ తినలేదని, ఏ కొవ్వొత్తీ లేదని, అందరూ వేలు చూపించారు కాబట్టి అలా అయిందని. శ్రద్ధగా వింది. "2022లోనా? అంటే నేను కిండర్‌గార్టెన్‌లో ఉన్నప్పుడా?" అంది. అవునన్నాను. "మరి 329 ఏళ్లు లేటా?" అని వేళ్ల మీద కాదు, కాగితం మీద తీసివేత చేసి అడిగింది. "లైబ్రరీ బుక్కు లేటయితేనే డబ్బులు కట్టాలి కదా. వాళ్లు ఎంత కట్టారు?"

ఏమీ కట్టలేదన్నాను. దానికి అది ఒప్పుకోలేదు. ఎవరికి ఉత్తరం రాయాలో కనుక్కోమంది. చరిత్ర గారూ, మీ పని పెరిగింది.

సినిమా మీద ప్రేమ మాత్రం తగ్గలేదు. ఈ ఏడు వేషం ఆ ముగ్గురిలో వ్యాక్యూమ్ క్లీనర్ మీద ఎగిరే మేరీ అట, నోరు పక్కకి తిప్పి నాలుగు రోజులుగా అలాగే అన్నం తింటోంది. చీపురు కాదు, వ్యాక్యూమ్ క్లీనరే కావాలంది. మాది నిలువుది, బరువు తక్కువ, సరే అన్నాను. దానికి నల్ల కాగితాలు, సాలెగూడు, గబ్బిలాలు అంటించి తన గదిలో పెట్టుకుని, 31 దాకా ఎవరూ ముట్టుకోవద్దని తలుపు మీద బోర్డు పెట్టింది.

ఈసారి దీపావళి కూడా 31నే వచ్చింది. పన్నెండు మంది భోజనానికి వస్తున్నారు. అత్తయ్య ఇందాకటి నుంచి కొబ్బరి చీపురు పట్టుకుని కార్పెట్ ఊడుస్తూ, అది ఊడక, ఆ బోర్డు వైపు చూస్తున్నారు.